ఇంజనీరింగ్ ఫస్టియర్‌కి వచ్చే మన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ



ఈఏపీసెట్ కౌన్సెలింగ్ అయినప్పటి నుంచీ మాకు ఫోన్లు వస్తా ఉండాయి. "అన్నా, ఏ బ్రాంచి మంచిది?" "అక్కా, ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనాల్నా?" "హాస్టల్లో తిండి బాగుంటాదా?" తెలిసినంత వరకు చెప్తా ఉండాం. కానీ ఒక ప్రశ్న మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. మొదటి సంవత్సరంలో అన్నిటికంటే కష్టమైనది ఏది?

మా జవాబు మ్యాథ్స్ కాదు. ఇంగ్లీషు కూడా కాదు. నోరు తెరిచి అడగడం. ఇది మాటవరసకు చెప్పేది కాదు. తిరుపతికి మేం ఆరుగురం వచ్చినాం. ఇప్పుడు థర్డియర్‌లో ఐదుగురమే ఉండాం. ఆ ఒక్కరి తేడా యాడ వచ్చిందో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తా ఉండాం. కొంచెం ఓపిక చేసుకుని చదవండి.

ముందు మేమెవరమో చెప్తాం. మాలో ఇద్దరు యానాదులు, ఇద్దరు ఎరుకలవాళ్ళు, ఇద్దరు సుగాలీలు. నలుగురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. ఒకరిది సూళ్ళూరుపేట పక్క, ఒకరిది సత్యవేడు పక్క, ఇద్దరిది చిత్తూరు దగ్గర పల్లెలు, ఇద్దరిది పీలేరు వైపు తండాలు. అందరం గవర్నమెంటు బడుల్లో, గురుకులాల్లో చదివినవాళ్ళమే. మా ఇళ్ళల్లో ఇంజనీరింగ్ కాలేజీ గేటు దాటిన మొదటివాళ్ళం మేమే. కాలేజీ పేరు ఇక్కడ రాయడం లేదు. మేం చెప్పేది ఏ ఒక్క కాలేజీ గురించో కాదు గనక పేరుతో పని లేదు.

తిరుపతి మాకు కొత్త ఊరేం కాదు. చిన్నప్పుడు గుండు కొట్టించుకోను వచ్చినాం, పెద్దయినాక అమ్మానాన్నల వెంబడి పనికి వచ్చినాం. ఎస్వీ యూనివర్సిటీ 1954లో పెట్టినారు, దాని ఇంజనీరింగ్ కాలేజీ 1959లో. మహిళా యూనివర్సిటీ 1983లో వచ్చింది. ఐఐటీ, ఐసర్ రెండూ 2015లో మొదలైనాయి. ఇన్నేళ్ళలో ఇన్ని వచ్చినా మా పెద్దోళ్ళకు తెలిసింది వాటి కాంపౌండు గోడలే. మాలో ఒకమ్మాయి మేనమామ ఏర్పేడు దగ్గర ఐఐటీ బిల్డింగులు కట్టేటప్పుడు సెంట్రింగ్ పనికి పోయినాడు. "ఆ గదులు ఎంతెంత పెద్దవో నాకు తెలుసమ్మా, లోపల ఏం చెప్తారో మాత్రం నువ్వు చూసి చెప్పాల" అన్నాడంట సీటు వచ్చిన రోజు.

లోపల చెప్పేది మొదటి నెలంతా మాకు అర్థం కాలేదు. తెలివి లేక కాదు. ఇంటర్‌లో మేం చదివిన మాటలు వేరు, ఇక్కడ బోర్డు మీద మాటలు వేరు. వ్యతికరణం, వివర్తనం, ధ్రువణం అని తెలుగులో నేర్చుకున్నవే ఇక్కడ ఇంటర్‌ఫియరెన్స్, డిఫ్రాక్షన్, పోలరైజేషన్ అయినాయి. మాత్రిక మ్యాట్రిక్స్ అయింది, అవకలనం డిఫరెన్సియేషన్ అయింది. "ర్యాంక్ ఆఫ్ ఎ మ్యాట్రిక్స్" అని సారు మొదలుపెడితే అదేదో కొత్త సంగతి అనుకుని బిత్తరపోయినాం. రాత్రి రూములో పాత పుస్తకం తిప్పితే తెలిసింది, అది మాత్రిక కోటి. మాకు వచ్చిన లెక్కే! అంటే తెలిసిన మనిషే కొత్త చొక్కా వేసుకుని వస్తే గుర్తుపట్టలేదు, అంతే.

ఆ రాత్రే ఒక రెండొందల పేజీల నోటు తీసినాం. ఎడమ పక్క తెలుగు మాట, కుడి పక్క ఇంగ్లీషు మాట. రోజుకు పది, పదిహేను. దసరా నాటికి నోటు సగం నిండింది, క్లాసు సగం అర్థమయింది. తెలుగు మీడియంలో చదివినవాళ్ళు ఇంటర్ పుస్తకాలు పారేయద్దండి, ఎవరికీ ఇచ్చేయద్దండి. మొదటి సెమిస్టర్‌కి వాటిని మించిన గైడు లేదు.

ఇంకో మాట. క్లాసులో ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాళ్ళను చూసి మనం తక్కువ అనుకుంటాం. లెక్క వేసి చూడండి. మాలో సుగాలీ వాళ్ళకు ఇంట్లో గోర్‌బోలి, బయట తెలుగు. ఎరుకల వాళ్ళకు ఇంట్లో ఎరుకల భాష, బడిలో తెలుగు, చిత్తూరు పక్క గనక సంతలో అరవం. ఇంగ్లీషు వాళ్ళకు రెండో భాష, మనకు మూడోదో నాలుగోదో. నాలుగో భాషలో థర్మోడైనమిక్స్ చదివేవాణ్ణి తెలివి లేనోడు అంటారా ఎవరైనా?

ఇక డ్రాయింగ్. ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ అంటారు. పెద్ద షీటు, బోర్డు, మినీ డ్రాఫ్టర్. మొదటి వారాల్లో అందరికీ అదొక నరకం, మనకొక్కరికే కాదు. కోన్‌ను నిలువునా చీరి విప్పితే కాగితం మీద ఏ ఆకారం వస్తాదో గీయమంటారు. మాలో ఒకడి అమ్మ ఈత బరికెలతో గంపలు అల్లుతాది. గంప నోరు ఇంత, అడుగు ఇంత అని చెప్తే ఏ కొలత బరికెలు ఎన్ని కావాలో టేపు లేకుండానే చెప్పేస్తాది. వాడు ఆ పాఠం రోజు షీటు ముందర కూర్చుని, "ఇది మా అమ్మ పనే కదరా" అన్నాడు. ఆ ఒక్క చాప్టరు మా అందరికీ వాడే చెప్పినాడు. మనింటి పనుల్లో ఇంజనీరింగ్ లేదని ఎవరైనా అంటే నమ్మద్దండి. కాకపోతే ఆ పనికి ఇంట్లో పేరు లేదు, ఇక్కడ పేరు ఉంది.

కంప్యూటర్ ల్యాబులో ఇబ్బంది వేరే రకం. ఒక సిస్టం ముందర ఇద్దర్ని కూర్చోబెడితే, టైపింగ్ వచ్చినవాడు కీబోర్డు తన పక్కకు లాక్కుంటాడు. చెడ్డోడని కాదు, పని తొందరగా అయిపోతాదని. మనం పక్కన కూర్చుని రికార్డు రాసుకుంటాం. సీ ప్రోగ్రామింగ్ చూస్తే రాదు. ఈత మాదిరి, దిగితేనే వస్తాది. మాలో ఒకమ్మాయి మూడో ల్యాబులో, "మొదటి గంట నువ్వు, రెండో గంట నేను" అని చెప్పేసింది. పక్కమ్మాయి ఏమీ అనుకోలేదు, సరే అనింది. మా అందరిలో ఇప్పుడు ప్రోగ్రామింగ్ బాగా వచ్చింది ఆ అమ్మాయికే.

ఇప్పుడు అందరూ భయపడే మాటకు వస్తాం. "నీ ర్యాంకెంత?"

మొదటి వారంలో ఈ ప్రశ్న రాని రోజు ఉండదు. చెప్పినాక ఒక చూపు ఉంటాది, ఆ చూపు వెనకాల "ఓ, కోటానా" అనే మాట ఉంటాది. కొందరు బయటికే అంటారు. మాలో ఒకడు ఆ ప్రశ్నకు భయపడి నెల రోజులు క్యాంటీన్‌కే పోలేదు. అందుకని మేం రూములో కూర్చుని ఈ సంగతి తేల్చుకున్నాం. మీకూ పనికొస్తాదని రాస్తా ఉండాం.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ సీట్లలో ఎస్టీలకు ఉన్నది 6 శాతం. వందలో ఆరు. దానికి ఆధారం రాజ్యాంగంలోని 15(4), అది 1951లో మొదటి సవరణతో వచ్చింది. ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ఇక గేటు లోపలికి వచ్చినాక ఏ రిజర్వేషనూ లేదు. మాకిచ్చే ప్రశ్నపత్రం అదే, పాస్ మార్కు అదే, వైవాలో అడిగే ప్రశ్నలు అవే. సీటు వరకే కోటా, డిగ్రీ మాత్రం చదివి తెచ్చుకునేదే. ఈ మాట గొడవగా చెప్పక్కర్లేదు. మామూలుగా చెప్పండి చాలు. రెండోసారి ఎవరూ అడగరు.

సూళ్ళూరుపేట పక్క నుంచి వచ్చిన మా వాడు ఇంకో మాట అంటాడు. శ్రీహరికోట దీవిలో తరతరాలుగా ఉన్నది యానాదులు. తేనె, దుంపలు, మూలికలు, పులికాట్‌లో చేపలు, అదీ వాళ్ళ బతుకు. అక్కడ రాకెట్ కేంద్రం పెట్టాలనుకున్నాక దీవిలోని ఊర్లు లేచిపోయినాయి. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది, రోహిణి అని చిన్నది. 2023 జూలై 14న చంద్రయాన్-3 లేచిందీ అక్కడి నుంచే. "రాకెట్ పోయినప్పుడల్లా మా ఇంటి రేకులు అదురుతాయి. ఆ నేల ఇచ్చినోళ్ళ మనవడికి ఆ రాకెట్ లెక్క నేర్చుకోను ఒక బెంచీ ఇస్తే, దాన్ని ఎక్కువ ఇచ్చినట్టు చెప్తారేందిరా?" అంటాడు. దీనికి జవాబు చెప్పినోణ్ణి మేమింకా చూడలేదు.

ఇంతకీ మనం అడగడానికి ఏంటికి భయపడతాం? దీని గురించి చాలా రాత్రులు మాట్లాడుకున్నాం. ఒకడు వాళ్ళ జేజినాయన సంగతి చెప్పినాడు. 1871లో తెల్లోళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చినారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవాళ్ళను పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. ఏ తప్పూ చేయకున్నా పోలీసు స్టేషన్‌కి పోయి హాజరు వేయించుకోవాల. పక్క ఊరికి పోవాలన్నా చెప్పి పోవాల. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. చట్టం పోయింది గానీ, ఆఫీసు మెట్లు చూస్తే తల దించుకునే అలవాటు ఇండ్లల్లో మిగిలిపోయింది. "పెద్దోళ్ళ ముందర నోరెత్తద్దు నాయనా, ఏమన్నా అయితే మన మీదికే వస్తాది." ఈ మాట మన ఇండ్లల్లో వినని పిల్లోడు ఉండాడా? అమ్మానాన్నలు భయంతో కాదు, ప్రేమతోనే చెప్పినారు. వాళ్ళ కాలంలో అది వాళ్ళను కాపాడింది కూడా. కానీ క్లాసురూములో అదే మాట మనల్ని ముంచుతాది.

ఇప్పుడు మేం కూడా రోజూ హాజరు పలుకుతాం. ఆ హాజరుకూ ఈ హాజరుకూ తేడా ఒక్కటే. అప్పుడు పేరు పలికి నోరు మూసుకుని పోవాల. ఇప్పుడు పేరు పలికినాక కూర్చుని ప్రశ్న అడగచ్చు. ఆ రెండో సగం వాడుకోకపోతే మనకు వచ్చింది సగం హక్కే.

ఇప్పుడు ఆరోవాడి సంగతి. వాడు రాయమన్నాడు గనకే రాస్తా ఉండాం. మా ఆరుగురిలో లెక్కలు బాగా వచ్చింది వాడికే. మాకు ఇంటిగ్రేషన్ నేర్పింది వాడే. స్కాలర్‌షిప్పు డబ్బులు ఇంకా పడలేదు, మెస్ బిల్లు మూడు నెలలది నిలిచిపోయింది. నోటీసు బోర్డులో బాకీ ఉన్నోళ్ళ పేర్లు పెట్టినారు, అందులో వాడి పేరు. దసరాకి ఇంటికి పోతా పోతా "ఊర్లో పనుంది, నాలుగు రోజులు ఆగి వస్తా" అన్నాడు. రాలేదు. ఫోన్ చేస్తే, "ఎవరికి చెప్పుకోవాల్రా, ఏమని చెప్పుకోవాల? నాన్న అప్పు చేస్తానన్నాడు, నేనే వద్దన్నా" అన్నాడు.

రెండు నెలలు గడిచినాక ఇంకో పిల్లోడికి అదే కష్టం వచ్చింది. వాడు ఒక తెల్లకాగితం మీద నాలుగు లైన్లు రాసినాడు. "స్కాలర్‌షిప్పుకు అప్లై చేసినాను, రాగానే కడతాను, అంతవరకు గడువు ఇవ్వండి" అని. అప్లికేషన్ జిరాక్స్ జతచేసి ఇస్తే గడువు ఇచ్చినారు. ఒక కాగితం, నాలుగు లైన్లు, అంతే. ఆరోవాడికి ఈ సంగతి చెప్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు. "అయితే అదే రాయండి, వచ్చేవాళ్ళకు చెప్పండి" అన్నాడు. ఇప్పుడు సత్యవేడు పక్క ఒక కంపెనీలో పనికి పోతా ఉండాడు. మాకంటే ముందే జీతం తీసుకుంటా ఉండాడు, చెల్లెల్ని ఇంటర్ చదివిస్తా ఉండాడు. వాడు ఓడిపోయినాడని మేం అనడం లేదు. వాడి సీటు ఖాళీ అయింది, అదొక్కటే మాకు మింగుడు పడనిది.

దీనికి ఎదురుగా ఇంకో సంగతి. మొదటి సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చినప్పుడు మాలో ఒకడికి మ్యాథ్స్, డ్రాయింగ్ రెండూ పోయినాయి. మంచం మీద గోడ పక్కకు తిరిగి పడుకున్నాడు. "నేను పోతా. ఎండాకాలం వస్తాంది, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజన్ పని ఉంటాది. అదే పోతా" అన్నాడు. చిత్తూరు పక్క వాళ్ళకు తెలుసు, తోతాపురి కాయ దిగితే మనోళ్ళు ఎంతమంది ఆ పనికి పోతారో. మేం వాడికి ధైర్యం చెప్పలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. "ఫ్యాక్టరీ యాడికీ పోదు. రేపు మాతో పాటు మ్యాథ్స్ సారు దగ్గరికి రా, ఆ తర్వాత నీ ఇష్టం" అన్నాం. నలుగురం వెంట పోయినాం. మాట మొదలుపెట్టేదానికి వాడికి ఐదు నిమిషాలు పట్టింది. సారు జవాబు పత్రం గురించి అడిగి, ఎక్కడ తడబడతా ఉండాడో చూసి, "వారానికి మూడు రోజులు సాయంత్రం నాలుగున్నరకు రా" అన్నాడు. అంతే. మ్యాథ్స్ సప్లిమెంటరీలో పోయింది, డ్రాయింగ్ ఇంకో దెబ్బకు పోయింది. ఇప్పుడు వాడికి ఒక్క బ్యాక్‌లాగ్ లేదు.

అడిగితే మనకొక్కరికే లాభం కాదు. ఫిజిక్స్ క్లాసులో మా తండా అమ్మాయి ఒకరోజు లేచి, "సార్, తెలుగులో అడగచ్చా?" అనింది. వెనక నుంచి ఎవరో నవ్వినారు. సారు నవ్వలేదు. "అడుగమ్మా" అన్నాడు. అడిగింది, ఆయన తెలుగులోనే మళ్ళీ చెప్పినాడు. క్లాసు అయినాక నలుగురు వచ్చి, "థ్యాంక్సే, మాకూ అదే అర్థం కాలేదు" అన్నారు. అందులో ఒకడు ర్యాంకు అడిగినోడు.

ఎవర్ని అడగాలో కూడా రాస్తా ఉండాం. చదువు సంగతి అయితే ముందు ఆ సబ్జెక్టు సారునో మేడమ్‌నో, కాకుంటే మీ క్లాసు మెంటర్‌ని. డబ్బు సంగతి అయితే స్కాలర్‌షిప్పు సెక్షన్‌లో, అదీ నోటిమాట కాకుండా కాగితం మీద, ఒక కాపీ మీద సంతకం పెట్టించుకుని. కులం పేరుతో ఎవరైనా అవమానిస్తే కాలేజీలో ఎస్సీ ఎస్టీ సెల్ ఉందేమో కనుక్కోండి. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం మన కోసమే ఉంది. ర్యాగింగ్‌కి మన రాష్ట్రంలో 1997 నుంచే చట్టం ఉంది, దేశమంతటికీ ఒక ఫోన్ నంబరు ఉంది, 1800-180-5522. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని, చూసి తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లో చెప్పింది. అటెండెన్స్ 75 శాతానికి తగ్గకుండా మొదటి నెల నుంచే చూసుకోండి. ఊరికి పోయి ఆలస్యమైతే అది పూడ్చుకోవడం చాలా కష్టం.

ఇంటి మీద బెంగ ఉంటాది. ఉండదని అబద్ధం చెప్పం. రోజూ ఇడ్లీ, ఉప్మా చూస్తే రాగిసంగటి, ఊరిబిండి గుర్తొస్తాది. ఫోన్లో అమ్మ "బాగుండావా" అంటే గొంతు పట్టేస్తాది. మాకు ఈ ఊరు మాది అనిపించింది మే నెలలో, తాతయ్యగుంట గంగమ్మ జాతరప్పుడు. చిన్నా పెద్దా వేషాలు కట్టుకుని వీధుల్లో పోతా ఉంటే, ఎవరు ఎవరో తెలీదు, ఎవరి ర్యాంకు ఎంతో ఎవరూ అడగరు. ఆ గుంపులో నిలబడి అంబలి తాగినాం. అప్పటికి ఫస్టియర్ అయిపోవచ్చింది. అంటే అలవాటు పడేదానికి సంవత్సరం పట్టింది. మీకు రెండు నెలల్లో అలవాటు కాకపోతే దిగులు పడద్దండి.

ఇంక చివరగా. వచ్చేటప్పుడు కులం, ఆదాయం, స్టడీ సర్టిఫికెట్లు ఐదైదు జిరాక్సులు తెచ్చుకోండి. దుప్పటి, తాళం కప్ప, ఇంటర్ పుస్తకాలు మరిచిపోవద్దండి. తెలుగు ఇంగ్లీషు మాటల నోటు మా దగ్గరే ఉంది, ఫొటోలు తీసి పంపిస్తాం. డ్రాయింగ్‌కి బోర్డు, డ్రాఫ్టర్ కొనమని మొదటి వారంలోనే చెప్తారు. మా ఐదుగురివీ ఖాళీగా ఉండాయి. ఆరోవాడిది కూడా ఇక్కడే ఉంది, ఎవరికైనా ఇచ్చేయమన్నాడు. కొనద్దండి. అడగండి.